విశాఖ ప్రయాణం: దసరా కన్నా డిసెంబరు మేలు

బెజవాడ నుంచి దసరా సెలవుల్లో రెండు రోజుల్లో విశాఖ చూసి రావచ్చని ఒక ప్రయాణ వ్యాసంలో రాశారు. వీలైతే డిసెంబరు, జనవరికి మార్చుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఇక మే నెలలో అక్కడ ఎండ మన బెజవాడకన్నా తక్కువే, కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉక్కపోతకు త్వరగా డీలా పడతారు.

పొద్దున్నే బెజవాడలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే విశాఖలో దిగేసరికి మధ్యాహ్నం. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది, పండగ రోజులకు ఆ మొదటి రోజే చేయించాలి. ఆ సాయంత్రం కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సరిపోతుంది. సోమవారం మాత్రం దానికి సెలవు.

అరకుకు వెళ్లేటప్పుడు కిరండూల్ రైలు, తిరుగుప్రయాణం రోడ్డు మీద పెట్టుకోండి. ఆ లైను ఇనుప ఖనిజం కోసం వేసింది, గూడ్సు బండ్ల వల్ల తిరుగు రైలు ఆలస్యం కావచ్చు. బొర్రా గుహలు వచ్చేదారిలో చూడవచ్చు.

ఆ వ్యాసంలో లేనిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఆర్.కె. బీచ్‌లో మోకాలి లోతు దాటొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్లు ఒక పాయగా చేరి వేగంగా లోపలికి లాగుతాయి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే తరచూ ఆ పాయ ఉంటుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఓపిక అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. పిల్లల చెయ్యి మాత్రం ఒక్క క్షణం కూడా వదలకండి.