టర్బో సి ప్లస్ ప్లస్ వారి నీలితెరకు

వేదాయపాళెం, నెల్లూరు.

మహారాజశ్రీ నీలితెర గారికి,

ఎట్టుండావు సామీ? సి ప్లస్ ప్లస్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాసి నడిపించే పాత సాఫ్ట్‌వేరువి గదా నువ్వు, నిన్ను కడసారి చూసింది 1998లో, ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చేవాళ్ళం. ఏసీ మాకోసం కాదు, నీకోసం. ఇంక నీ మొహం చూసే పని లేదనుకున్నా. మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ప్రత్యక్షమైనావు! ఇంజనీరింగ్ రెండో ఏడాది, సి ప్లస్ ప్లస్ ల్యాబంట.

ఆ ల్యాప్‌టాప్‌కి 62 వేలు పోసినా. దాని 64 బిట్ల విండోస్ నీలాంటి 16 బిట్ల పాతకాపును గడప తొక్కనివ్వదు. అందుకని నడుమ డాస్‌బాక్స్ అనే పెద్దమనిషి వచ్చినాడు, పాత డాస్ కాలపు కంప్యూటరు వేషం కట్టే సాఫ్ట్‌వేరు. పాత ఇంటెల్ ప్రాసెసరు, వీజీఏ కార్డు, సౌండ్ బ్లాస్టరు అన్నీ లోపల ఉన్నట్టే నాటకమాడతాడు, నువ్వు నమ్మేస్తావు. మామూలు డాస్ ప్రోగ్రాములకైతే మిల్లీసెకనుకు 3000 సూచనలు, అంతకుమించి వడ్డించడు. ఒంగోలు గిత్తను కొనుక్కొచ్చి ముందుకాళ్ళకు బందం వేసినట్టుంది నా పని.

సరే, పిల్ల ప్రోగ్రాం రాసింది. గంటన్నర. పక్కనే కూర్చోనుండా, కాఫీ కూడా నేనే పెట్టిచ్చినా. రన్ చెయ్యాలంటే కంట్రోల్ ఎఫ్9 అని నీ దగ్గర నేర్చుకున్నది ఇంకా వేళ్ళల్లోనే ఉంది గదా, నొక్కమ్మా అన్నా. నొక్కింది. కిటికీ మొత్తం మాయం! డాస్‌బాక్స్ వారి లెక్కలో కంట్రోల్ ఎఫ్9 అంటే దుకాణం కట్టెయ్యడమంట. నువ్వు "పరిగెత్తు" అనే మాటకు ఆయన "చచ్చిపో" అని అర్థం పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కమాట అనుకోకుండా కాపురం ఎట్టా పెట్టినారయ్యా? సేవ్ చెయ్యలేదు. పిల్ల నావైపు చూసిన చూపు నీకు రాయలేను.

మళ్ళా రాసింది, ఈసారి మెనూలోంచి రన్ చేసింది. వడ్ల లెక్క. పుట్టి 18,000, రెండు పుట్లు. జవాబు -29536. మా నాయన అరుగుమీద నుంచి "దళారి లెక్క లాగుందే" అన్నాడు. అంకెలు దాచుకునే నీ "ఇంట్" అనే డబ్బాలో పట్టేది 32,767 వరకే గదా, అది దాటితే అప్పు చూపిస్తావు. మన ఊళ్ళో పుట్టంటే 850 కిలోలని నీకెవరు చెప్పాలి?

ఇంకో ముచ్చట. నేను నీ దగ్గర కూర్చున్న 1998లోనే సి ప్లస్ ప్లస్‌కి మొదటి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. నీ ప్రోగ్రాముల పైవరసలో రాసే ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్ అనే ఫైలుకు అందులో చోటే లేదు. ఆ కబురు మా పిల్ల కాలేజీకి ఇంకా చేరలేదు. తెర తుడిచే క్లియర్‌స్క్రీన్, మీట నొక్కేదాకా ఆగే గెట్‌చ్ అనే నీ కాలం ఆదేశాలు రాయకపోతే రికార్డు మీద సంతకం పడదు. పోయిన మొహర్రానికి బారాషహీద్ దర్గా దగ్గర చదువు రొట్టె పట్టుకుంది పిల్ల. ఏ సంవత్సరపు చదువో అడగడం మరిచిపోయినాం.

ఇట్లు,
నీ పాత శిష్యుడు

తా.క.: మౌస్ నీ కిటికీలోకి దూరి అర్ధగంటైంది, బయటికి రాలేదు. కంట్రోల్ ఎఫ్10 నొక్కితే వదులుతావని పిల్ల అంటోంది. ఎఫ్9 పక్కనే ఉంది గదా అది, నా వేలు వణుకుతోంది.