కార్బన్ డయాక్సైడ్ బుడగ గారికి బహిరంగ లేఖ

అయ్యా బుడగ గారూ,

మీ అడ్రస్ తెలీక ఆకాశానికే రాస్తున్నా, ఎలాగూ మా నాచు ట్యాంకులో దిగిన సెకనులోపే మీరు తేలేది అక్కడే కదా.

బయట మీ పేరు చెప్పి బిల్డప్ మామూలుగా లేదండీ. నాచు పెంచితే కార్బన్ మొత్తం తాగేస్తుందట, భూమి చల్లబడిపోతుందట. ఎండు నాచు బరువులో దాదాపు సగం కార్బనే కాబట్టి కిలో నాచుకి మీరు సుమారు 1.8 కిలోలు కావాలి, ఆ లెక్కన 30 కేజీల సిలిండర్ మొత్తం దాని కడుపులోకే పోతే 16 కేజీల పొడి రావాలి. వస్తే నేనీ లేఖ ఎందుకు రాస్తాను?

ట్యాంకు లోతు జానెడు, అందులో పైపు పెట్టి వదిలితే మీరు లావుపాటి బుడగలై బుడబుడమని పైకొచ్చి టప్పున పేలిపోతారు, కొత్తల్లుడు గుమ్మంలోంచే కాఫీ వద్దని వెళ్లిపోయినట్టు. కరగడానికి కాస్త టైమివ్వరా?

మావాళ్ల తెలివి కూడా చెప్పుకోవాలి లెండి. గ్యాస్ ఎక్కువైతే నాచు ఎక్కువ అని వాల్వ్ ఫుల్లుగా తిప్పేస్తారు, దాంతో పీహెచ్ పడిపోయి (అంటే నీళ్లు పులుపెక్కి), కరిగిన కాస్త కూడా మళ్లీ గాల్లోకి లేచిపోతుంది. రాత్రయితే ఇంకా కామెడీ, ఎండ లేక నాచు తినడం మానేసి అదే ఊపిరి తీసుకుంటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే పక్కన టైమర్ పుణ్యమా అని మీరు తెల్లార్లూ వస్తూనే ఉంటారు, మీటర్ మాత్రం తిరుగుతుంది (గ్యాస్ బిల్లుకి రాత్రీపగలూ తేడా లేదు).

స్పైరులినా అనే నీలాకుపచ్చ నాచు పెంచేవాళ్ల దగ్గర మీ చుట్టం వంటసోడా (సోడియం బైకార్బొనేట్) గారున్నారు చూశారా, జారూక్ మీడియం అనే ఆ నాచు పోషక ద్రావణంలో లీటరుకి 16.8 గ్రాములు, నీళ్లలో కరిగి ఎక్కడికీ పోకుండా కూర్చుంటారు. నాచు ఆయన్ని తినేకొద్దీ పీహెచ్ 10 దాటి నీళ్లలో కార్బొనేట్ మిగుల్తుంది, అప్పుడు మీరొస్తే ఆ కార్బొనేట్ మిమ్మల్ని పట్టుకుని మళ్లీ బైకార్బొనేట్ అయిపోతుంది. అంటే మీరు రావాల్సిన టైము అదన్నమాట, మీకు నచ్చినప్పుడు కాదు.

కాబట్టి ట్యాంకు మధ్యలో మీటరున్నర గొయ్యి తవ్విస్తున్నాం. నీళ్లు పైనుంచి దిగుతుంటే మీరు అడుగునుంచి ఎదురెక్కాలి, అదీ సన్న రంధ్రాల డిఫ్యూజర్‌లోంచి చిన్న చిన్న బుడగలుగా. పీహెచ్ పెరిగితేనే సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో పనిచేసే గ్యాస్ కుళాయి) తెరుచుకుంటుంది, పొద్దుగూకాక ఎంత తలుపు బాదినా తియ్యం, సిలిండర్‌లోనే పడుకోండి.

ఇట్లు,
మీ బిల్లు కట్టేవాడు