కూగర్ వచ్చేసింది, చట్టమే ఇంకా రాలేదు

అమెరికా మిడ్‌వెస్ట్‌లో మొక్కజొన్న చేను గట్టున కూగర్ (ప్యూమా, మౌంటెన్ లయన్ అని కూడా పిలిచే పెద్ద అడవి పిల్లి) కనిపించిందని ఎవరో ఒకరు వీడియో పెట్టడం, సాయంత్రానికల్లా అది ‘పిల్లల్ని బయటికి పంపకండి’ అనే హెచ్చరికతో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మామూలైపోయింది. వాటిలో చాలావరకు బాబ్‌క్యాట్లో (చిన్న అడవి పిల్లులు), కుక్కలో, ఇంటి పిల్లులో అయి ఉంటాయి. నల్ల కూగర్‌ని చూశామనేవాళ్లూ ఉంటారు, అలాంటిది ఉన్నట్టు ఇంతవరకు ఒక్క రుజువూ దొరకలేదు. అయితే అన్నీ పుకార్లేనని కొట్టిపారేసే రోజులూ పోయాయి.

2008లో షికాగోలో ఇళ్ల మధ్యకొస్తే పోలీసులు కాల్చి చంపిన కూగర్, 2011లో కనెక్టికట్‌లో కారు గుద్ది చచ్చిన కూగర్, రెండింటి మూలాలూ సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్‌లోనే ఉన్నట్టు డీఎన్‌ఏ చెప్పింది. రెండోది అక్కడి నుంచి దాదాపు 2,400 కిలోమీటర్లు వచ్చింది! 2022లో ఇంకొకటి షికాగోకి పడమటన, ఇల్లినాయిస్‌లోని డీకాల్బ్ కౌంటీలో ఐ-88 హైవే మీద చచ్చింది. నేపర్‌విల్, అరోరాల్లో ఉండే తెలుగువాళ్లు రోజూ ఎక్కే రోడ్డే అది.

ఇలా దూరాలు తిరిగేవి ఎక్కువగా కుర్ర మగవి. తల్లిని వదిలాక జోడు కోసం, సొంత జాగా కోసం వందల మైళ్లు పోతాయి. ఆడవి చాలావరకు పుట్టిన చోటుకు దగ్గర్లోనే సర్దుకుంటాయి, అవి రాకుండా సంతతి పెరగదు. అందుకే 2025 మార్చిలో మిషిగన్‌లోని ఆంటొనాగన్ కౌంటీలో రెండు కూగర్ పిల్లలు కనిపించడం అన్నిటికన్నా పెద్ద వార్త. అక్కడ వందేళ్లకు పైగా పిల్లల జాడే లేదు.

మరి చట్టాల సంగతి? ఇల్లినాయిస్ 2015 నుంచి కూగర్‌కి రక్షణ ఇచ్చింది, మనుషుల మీదికో పశువుల మీదికో వస్తే తప్ప చంపకూడదు. మిస్సిసిపీ నది దాటి పక్క రాష్ట్రం అయోవాలోకి అడుగుపెడితే ఏ రక్షణా లేదు. అంటే అదే కూగర్‌ని ఈ ఒడ్డున ఊరికే కాలిస్తే కేసు, ఆ ఒడ్డున కాలిస్తే ఫొటో.

వారానికో జింకను తినేస్తే మాకేం మిగులుతుందని వేటగాళ్ల గొడవ. తిననివ్వండి అంటాం మేము. తూర్పు రాష్ట్రాల్లో కూగర్లు మళ్లీ స్థిరపడితే 30 ఏళ్లలో జింకల వల్ల జరిగే రోడ్డు ప్రమాదాలు 22 శాతం తగ్గి 155 ప్రాణాలు దక్కుతాయని 2016లో పరిశోధకులు లెక్కగట్టారు. అంచనానే అనుకోండి, కానీ నవంబర్ సాయంత్రాల్లో అక్కడి హైవేల మీద కారు నడిపినవాళ్లకు జింకల టెన్షన్ గురించి మేం చెప్పక్కర్లేదు. కూగర్ల చేతిలో పోయినవాళ్లు ఉత్తర అమెరికా మొత్తం మీద వందేళ్లకు పైగా చూసినా 30 మంది వరకే. 2023లో తిరుమల నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టనబెట్టుకోవడం మరిచిపోని తల్లిదండ్రులకు ఈ అంకెలు చెప్పి భయం మానేయమంటే వినరని మాకూ తెలుసు. ఎదురుపడితే మాత్రం పరుగెత్తకండి, పిల్లల్ని ఎత్తుకుని, దానివైపే చూస్తూ, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగండి.

గొర్రెలు, మేకలు పెంచే రైతు సంగతి వేరు. జింకలు తగ్గితే ఊరందరికీ లాభం, మేక పోతే నష్టం అతనొక్కడికే. చంపింది కూగరో, కాదో తేల్చే మనిషి వెంటనే రావాలి, కూగరే అయితే డబ్బు నెలల తరబడి తిప్పించుకోకుండా చేతికందాలి, రాత్రిపూట మందను కట్టేసే గట్టి దొడ్డికి, కాపలా కుక్కలకు సాయం చేయాలి. ఇవేవీ లేకుండా కాల్చొద్దంటే ఏ రైతు వింటాడు? డబ్బెక్కడిదంటే, జింకల వేట లైసెన్సుల మీద వచ్చేదాంట్లోంచి కొంత ఇటు మళ్లించమంటున్నాం. వేటగాళ్లు ఊరుకోరు, నిజమే. ఆ పంచాయితీ ఏదో ఆడ కూగర్లు నది దాకా రాకముందే అయోవా శాసనసభ తేల్చుకోవాలి.