తవ్వకముందే ఖర్చయిపోతున్న గనులు

మంగోలియా 2024 ఏప్రిల్‌లో జాతీయ సంపద నిధి చట్టం చేసింది. ఖనిజ సంపద పౌరులందరికీ న్యాయంగా అందాలన్న మాటను 2019లోనే రాజ్యాంగంలో రాసుకుంది. మంచిదే. కానీ ఆ దేశం దెబ్బతిన్నది చట్టాలు లేక కాదు. ఇంకా చేతికి రాని డబ్బును ముందే ఖర్చు పెట్టుకోవడం వల్ల.

2008 ఎన్నికల్లో ఒక పార్టీ తలకు పది లక్షల తుగ్రిక్‌లు (మంగోలియా కరెన్సీ) ఇస్తామంటే, రెండో పార్టీ పదిహేను లక్షలంది. అప్పటికి ఒయు తొల్గొయ్ రాగి గని పెట్టుబడి ఒప్పందం మీద సంతకాలే కాలేదు. ఆ తర్వాత మానవాభివృద్ధి నిధి పేరుతో నెలకు మనిషికి 21,000 తుగ్రిక్‌లు పంచారు. డబ్బు చాలకపోయేసరికి తవన్ తొల్గొయ్ గని బొగ్గును చూపించి చైనా కంపెనీ చాల్కో నుంచి 2011లో 25 కోట్ల డాలర్లు ముందస్తుగా తీసుకున్నారు. తర్వాత బొగ్గు ధర పడిపోయింది. ఏళ్ల తరబడి సరిహద్దు దాటించిన బొగ్గు ఆ పాత బాకీకే జమైంది.

ద్రవ్యలోటుకు హద్దు పెడుతూ 2010లోనే చట్టం చేశారు. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు, పక్కనుంచి దాటిపోయారు. 2012లో విదేశీ మదుపరులకు అమ్మిన చింగిస్ బాండ్ల ద్వారా తెచ్చిన 150 కోట్ల డాలర్లను అభివృద్ధి బ్యాంకు ద్వారా బడ్జెట్‌కు బయట ఖర్చు చేశారు. 2011లో 17 శాతం దాటిన వృద్ధి 2016 నాటికి ఒక శాతం దగ్గరకు దిగింది. 2017లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) నాయకత్వంలో 550 కోట్ల డాలర్ల సాయం అందితే గానీ దేశం గట్టెక్కలేదు.

పేద దేశం డబ్బు దాచుకుని ఏం చేస్తుంది, ఈ రోజు చలికి వణుకుతున్న పిల్లవాడి కన్నా రేపు పుట్టేవాడు ఎక్కువా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. బడి కట్టండి, విద్యుత్ లైను వేయండి, ఆస్పత్రి నడపండి. రాగి పోయినా మరో ఆస్తి మిగులుతుంది. నెలవారీ పంపకంలో మిగిలింది బాకీ ఒక్కటే. దాన్ని తీర్చాల్సింది ఆ పిల్లవాడే.

సమస్య మూలం లెక్కలు రాసే తీరులో ఉంది. ఖనిజం అమ్మడమంటే పొలం అమ్మడమే. వచ్చింది ఆస్తి ధర, పంట రాబడి కాదు. మన రాష్ట్రాల బడ్జెట్లు మాత్రం రాయల్టీని, అంటే ఖనిజం తవ్వినందుకు ప్రభుత్వానికి వచ్చే సొమ్మును, పన్నేతర ఆదాయం కింద రాసి జీతాలకూ వడ్డీలకూ కలిపేస్తాయి. ఇప్పుడు ఇంకో మెట్టు దిగాం. 2025లో ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ రాబోయే ఖనిజ ఆదాయాన్ని పూచీగా చూపి బాండ్లతో వేల కోట్ల రూపాయలు సమీకరించింది. చాల్కో ముందస్తుకూ దీనికీ తేడా ఏమిటో ప్రభుత్వం చెప్పాలి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా నా ప్రశ్న ఇదే; కార్పొరేషన్ల చాటున బడ్జెట్‌కు బయట అప్పులు చేయడం రెండు తెలుగు రాష్ట్రాలకూ, అన్ని పాలక పక్షాలకూ అలవాటైంది.

దారి తెలియక కాదు. విశాఖ మన్యంలోని అనంతగిరి గిరిజనుల పోరాటం వల్ల వచ్చిన 1997 సమతా తీర్పులో (సమతా కేసు వేసిన స్వచ్ఛంద సంస్థ) సుప్రీంకోర్టు, గిరిజన ప్రాంతాల్లో తవ్వకాలు జరిగితే నికర లాభంలో కనీసం 20 శాతాన్ని శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది. గోవాలో ఇనుప ఖనిజం అమ్మకాల సొమ్ములో 10 శాతం శాశ్వత నిధికి చేర్చాలని 2014లో ఆదేశించింది. రెండుసార్లూ ఆ మాట న్యాయస్థానమే చెప్పాల్సి వచ్చింది. చట్టసభలు చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది: రాయల్టీని రోజువారీ రాబడి రాసే రెవెన్యూ పద్దు నుంచి తీసి, ఆస్తుల లెక్క రాసే మూలధన పద్దులో చూపాలి, భవిష్యత్ ఖనిజ ఆదాయాన్ని తాకట్టు పెట్టే ప్రతి ఒప్పందాన్నీ సంతకానికి ముందే సభ ముందుంచాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ పనిని ఖనిజ బాండ్ల పత్రాలతోనే మొదలుపెట్టవచ్చు.