అలకపాన్పు దిగని ఆటోబ్రేకు గారికి

మహారాజశ్రీ ఆటోబ్రేకు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, మీ వైపు కుశలంగా లేదని మూడు వారాలుగా ఆ పసుప్పచ్చ దీపం చెబుతూనే ఉంది. రెండో బెడ్‌రూమ్‌లో బట్టల స్టాండుకీ కిటికీకీ మధ్య ఇరికించిన నా 737 సిమ్ (కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్) కాక్‌పిట్ నుంచి రాస్తున్నాను. విమానం నేల తాకగానే పైలట్ తొక్కకుండానే బ్రేకులు పట్టాల్సింది మీరు; మీరు వదిలేస్తే వెలిగేది ఆ దీపం.

మర్యాదల్లో ఏం లోటు చేశానో చెప్పండి. శంషాబాద్ ఇంకా పది మైళ్లుండగానే, పట్టు ఎంత గట్టిగా ఉండాలో చెప్పే నాబ్ తిప్పి మిమ్మల్ని 2 మీద కూర్చోబెట్టాను. దిగగానే రెక్కల మీద లేచే పలకలు, స్పాయిలర్లు, ఆర్మ్ చేసి సిద్ధంగా పెట్టాను. రెక్కల వెనక ఫ్లాప్స్ 30 దించాను. చక్రాలు నేలను తాకాయి, మీరు పట్టీ పట్టనట్టు ఓ పట్టు పట్టారు. హమ్మయ్య అనుకునేలోపే దీపం వెలిగింది. పులుసులో ఉప్పు తగ్గిందని లేచి వెళ్లిపోయే కొత్త అల్లుడిలా మీరు వెళ్లిపోయారు. రన్‌వే 4,260 మీటర్లుంది కాబట్టి పరువు దక్కింది.

మొదట తప్పు నాదేనేమో అనుకున్నాను. నిజమే, ఓ రాత్రి నిద్రమత్తులో నాబ్‌ను ఆఫ్‌కి అటుపక్కనున్న ఆర్‌టీఓ మీద పెట్టాను. ఆర్‌టీఓ అంటే నాకు తెలిసింది లైసెన్సుల ఆఫీసు. మీ దగ్గర మాత్రం టేకాఫ్ మధ్యలో మానుకుంటే ఆపడానికట. దాని మీద పెట్టుకుని ల్యాండ్ అయితే రెండు సెకన్లలో దీపం వెలిగించి ఊరుకుంటారు. ఒక విషయంలో మాత్రం ఆ ఆఫీసుకీ మీకూ పోలిక కుదిరింది: తప్పు కౌంటర్లో నిలబడితే పని జరగదు, ఎందుకు జరగలేదో ఎవరూ చెప్పరు.

తర్వాత ఇంజిన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్‌ను అనుమానించాను. రెండు లీవర్లూ పూర్తిగా ఐడిల్‌కి, అంటే అట్టడుగుకి, రాకపోతే మీరు పని మొదలుపెట్టరు. నా థ్రాటిల్ కింద దాకా లాగినా రెండు శాతం దగ్గరే ఆగుతోంది. పైగా కొత్త జాయ్‌స్టిక్ తగిలించగానే సిమ్ తనంతట తానే దాని స్లైడర్‌నీ థ్రాటిల్‌కే కట్టేసింది. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లన్నమాట. అదంతా విప్పి సరిచేశాను. అయినా మీరు అలిగారు! అప్పుడు తట్టింది: థ్రాటిల్ దోషమైతే మీరు దీపం కూడా వెలిగించకుండా ఊరికే చూస్తూ కూర్చోవాలి. మీరేమో వచ్చి, పట్టి, వెళ్లిపోతున్నారు. ఎవరో మిమ్మల్ని తాకుతున్నారు.

అందుకే మొన్న ఆదివారం, బ్రేక్ పెడళ్లు ఎంత నొక్కినట్టు సిమ్‌కి చెబుతున్నాయో గీతల్లో చూపే క్యాలిబ్రేషన్ విండో తెరిచి, కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని, సుఖాసనంలో కూర్చుని చూశాను. కుడి బ్రేక్ గీత సున్నా దగ్గర బుద్ధిగా పడుకుంది. ఎడమది మాత్రం మెల్లగా లేచి మూడు శాతం దాకా వెళ్లింది, దిగింది, మళ్లీ నాలుగు దాకా వెళ్లింది. జ్వరమొచ్చినవాడి చేతిలో గ్లాసులా వణుకుతోంది. పెడల్ మీద ఎవరూ లేరు. టేబుల్ కిందికి దూరి టార్చి వేసి చూశాను: పెడల్ కదలట్లేదు, గీత కదులుతోంది. పెడల్ ఎంత కదిలిందో కొలిచే లోపలి పొటెన్షియోమీటర్‌కి దుమ్ము పట్టి, లేని కాలిని ఉన్నట్టు చెబుతోంది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఏమండీ, విమానం ఇప్పుడు టేబుల్ కింద దిగిందా?" అంది.

పైలట్ కాలు బ్రేక్ మీద పడితే పెత్తనం ఆయనకే వదిలేసి తప్పుకోవడం మీ ధర్మం. ఒప్పుకుంటాను. కానీ అయ్యా, కాలికీ దుమ్ముకీ తేడా తెలియదా?

నవ్వులాట పక్కన పెట్టి ఒక్క మాట. 2005 డిసెంబర్ 8న, మంచు కురుస్తున్న రాత్రి, షికాగో మిడ్‌వేలో ఓ 737 రన్‌వే దాటి, కంచె తెంచుకుని రోడ్డు మీదికి వచ్చేసింది. కారులో ఉన్న ఆరేళ్ల పిల్లాడు చనిపోయాడు. ఇంజిన్ల గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించే రివర్స్ థ్రస్ట్‌ను పైలట్లు సకాలంలో వాడలేదని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆటోబ్రేక్ వాడటం వాళ్లకు అదే మొదటిసారి, ధ్యాస అటు పోయింది అని కూడా రాసింది. అది చదివాక నా రీప్లేలన్నీ మళ్లీ వేసి చూశాను. ప్రతి ల్యాండింగ్‌లోనూ నా చూపు మీ దీపం మీదే. రివర్స్ లాగింది ఒక్కసారి కూడా లేదు.

ఇప్పుడు రెండు బ్రేకులకూ ఐదు శాతం డెడ్‌జోన్ పెట్టాను, అంటే అంతలోపు కదలికను సిమ్ పట్టించుకోదు. సిమ్ తెరవగానే పెడళ్లను చివరిదాకా ఒకసారి తొక్కి వదులుతున్నాను. దిగాక స్పాయిలర్ లీవర్‌ను తొందరపడి కిందికి తొయ్యట్లేదు, దానికీ మీరు అలుగుతారని తెలిసింది. ఇక దయచేసి రండి.

ఇట్లు,
మీ మామగారు, ఎడమ సీటు

తా.క.: నిన్న రాత్రి వచ్చారు. దీపం వెలగలేదు, రన్‌వే సగం దాటాక ఎగ్జిట్ దొరికింది. సంతోషంలో రివర్స్ మళ్లీ మరిచిపోయాను. మీరు 2 మీద సెకను సెకనుకూ వేగం సెకనుకు 5 అడుగుల చొప్పున తగ్గిస్తానని మాటిచ్చారు కాబట్టి, రివర్స్ చేయాల్సిన పని కూడా నోరెత్తకుండా మీరే చేశారు. బ్రేకులు మాత్రం పొయ్యి మీద పెనంలా కాలిపోయాయి. గేటు దగ్గరికి వచ్చాక చూసుకున్నాను.