కట్టి చూడు షిబుయా స్టేషన్

టోక్యోలోని షిబుయా స్టేషన్ పనులు ఎంతకీ తెమలడం లేదని కొందరు నోరు పారేసుకుంటున్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన పెద్దలు స్టేషన్ జోలికి పోలేదంటే ఊరికే కాదు. ఇల్లు కట్టేటప్పుడు నాలుగు నెలలు అద్దింట్లో సర్దుకోవచ్చు. రోజూ లక్షల మంది ఎక్కి దిగే స్టేషన్‌ను ఎవరింట్లో పెట్టి కడతారు?

అసలు ఊరి పేరులోనే తిరకాసుంది. షిబుయాలో 'యా' అంటే లోయ. అందుకే సొరంగంలో పరిగెత్తుకొచ్చే గింజా లైను, 1938 నుంచీ ఇక్కడికొచ్చేసరికి మూడో అంతస్తులో తేలుతుంది. రైలు పైకెక్కలేదు, నేలే కిందికి జారిపోయింది. ఇక మేడ మీద హాయిగా ఆగే తోయొకో లైనును 2013లో భూమి కింద ఐదో అంతస్తుకు దించారు. నేల కింద రైలు మేడ మీద, మేడ మీద రైలు పాతాళంలో. ఇందులో జనం తికమకపడేది ఏముందో నాకైతే బోధపడదు.

ఆ దించడం కూడా చూడాల్సిందే. 2013 మార్చి 15 రాత్రి ఆఖరి రైలు వెళ్లగానే సుమారు 1,200 మంది పక్కనున్న దైకాన్‌యామా స్టేషన్ దగ్గర పట్టాల మీద పడ్డారు. తెల్లారగట్ల మొదటి రైలు బుద్ధిగా సొరంగంలోకి దిగిపోయింది. మొత్తం కలిపి నాలుగు గంటల లోపు. రైలును కిందికి దించడానికి నాలుగు గంటలు. అందులోంచి దిగిన మనిషి పైకొచ్చి ఇంకో రైలు ఎక్కే దారి కుదురుకోవడానికి మాత్రం పదేళ్లు దాటినా చాల్లేదు. రైలు పట్టాలున్నచోటికి పోతుంది, మనిషికి పట్టాలుండవు కదా, అదీ చిక్కు.

సైక్యో లైను సంగతి మరీను. దాని ప్లాట్‌ఫారం యమనోతె లైను ప్లాట్‌ఫారానికి దాదాపు 350 మీటర్ల అవతల ఉండేది. పేరుకి షిబుయాయే, దిగితే పొరుగూరు. 2020లో తెచ్చి పక్కన చేర్చారు. పాపం, ప్రయాణికులకు రోజూ దొరికే ఉచిత వ్యాయామం పోయింది. అయితే అదే ఏడాది గింజా లైను ప్లాట్‌ఫారాన్ని 130 మీటర్లు తూర్పుకి జరిపి కొంతైనా న్యాయం చేశారు. ఒక చేత్తో తీసుకున్నది ఇంకో చేత్తో ఇవ్వకపోతే అభివృద్ధి ఎలా అవుతుంది?

దీన్ని పద్మవ్యూహంతో పోల్చేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అభిమన్యుడికి కనీసం లోపలికి వెళ్లడం తెలుసు.

తూర్పు వైపు నేల కింద ఒక విశాలమైన హాలుంది. అక్కడ కాఫీ కప్పు పట్టుకుని తలెత్తి చూస్తే పైకప్పు కనిపిస్తుంది. ఆ పైకప్పులో, కాంక్రీటు పెట్టెలో, షిబుయా నది పారుతుంటుంది. స్టేషన్‌కి అడ్డమొచ్చిందని నదినే పక్కకి జరిపి ఇలా నడిపించారు. గంగను నెత్తిన మోసేది శివుడొక్కడే అనుకుంటాం. ఇక్కడ టై కట్టుకుని కాఫీ తాగే గుమాస్తా కూడా మోస్తున్నాడు. కాళ్ల కింద ఇంకా లోతున, వాననీళ్లు పట్టడానికి 40 లక్షల లీటర్ల తొట్టి. నెత్తిన నది, కింద చెరువు, నడుమ చేతిలో వేడి కాఫీ.

పనులు జరగలేదని మాత్రం అనకండి. 2012లో హికారియె మేడ లేచింది, 2018లో స్ట్రీమ్, 2019లో 230 మీటర్ల స్క్రాంబుల్ స్క్వేర్ మొదటి మేడ. దుకాణాలున్నవన్నీ చకచకా లేచాయి, వెనకబడ్డది నడిచే దారులే. ఆ 47 అంతస్తుల మేడ పైకెక్కి ఊరంతా చూడొచ్చు, టికెట్ కొనుక్కుంటే. కింద దారి దొరకని స్టేషన్ ఎక్కడుందో అక్కణ్నుంచి బాగా కనిపిస్తుంది.

ఈ స్టేషన్‌ను సరిగ్గా అర్థం చేసుకున్నది హచికో అనే కుక్క ఒక్కటే. యజమాని ఉయెనో ప్రొఫెసర్ 1925లో పోయినా, ఆ కుక్క ఆయన రైలు దిగి వస్తాడని దాదాపు పదేళ్లపాటు స్టేషన్ గేటు దగ్గరికొచ్చి ఎదురుచూసింది. 1934లో దానికి విగ్రహం పెడితే ఆ సభకి అది స్వయంగా హాజరైంది. యుద్ధంలో ఆ కంచు కరిగించి రైలింజన్ విడిభాగాలకు వాడారంటారు. రైలు కోసం చూసీచూసీ చివరికి రైలైపోయిందన్నమాట. 1948లో పాత శిల్పి కొడుకే కొత్తది చేసిపెట్టాడు. ఇప్పటికీ జనం కలుసుకునేది ఆ విగ్రహం దగ్గరే, గేటుకీ దాని పేరే. కానీ ప్రొఫెసర్ గారు ఈ రోజుల్లో ఐదో పాతాళంలో దిగి ఉంటే, బతికుండగానే కుక్కకి పదేళ్లు ఎదురుచూపు తప్పేది కాదు.

స్టేషన్ పని మొదట 2027కల్లా అయిపోతుందన్నారు. ఇప్పుడు మిగిలిన మేడలు 2031 ఆర్థిక సంవత్సరంలోనూ, మొత్తం పని 2034 ఆర్థిక సంవత్సరంలోనూ అంటున్నారు. జపాన్ లెక్కలో అది 2034 ఏప్రిల్ నుంచి 2035 మార్చి దాకా. మొదటి విగ్రహం పెట్టింది 1934 ఏప్రిల్‌లో. హచికో కన్నుమూసింది 1935 మార్చి 8న. స్టేషన్ పని పూర్తయ్యేసరికి కుక్కకి నూరేళ్లూ నిండుతాయి.