ఏం నొక్కావమ్మా అని అడిగారు ఈరోజు నన్ను

ఇప్పుడే ఇంటికొచ్చా. రాత్రి పదిన్నర. ఈరోజు 20వ తారీకు, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను 3బికి ఆఖరి రోజు. అకౌంట్స్ చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం నాలుగున్నరకి 3బి కోసం లెక్కలు సరిచూసుకుంటున్నా. కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. రెండు సెకన్లు కూడా కాదు. మెయిన్ సిస్టమ్ ఆగిపోయి మళ్లీ ఆన్ అయింది. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరిస్తే మా కంపెనీ లెక్కలు ఓపెన్ కావు, డేటా ఎర్రర్. రిపేర్ కొడితే తెరుచుకుంది గానీ మూడు రోజుల ఎంట్రీల్లో సగానికి సగం లేవు.

మా ఓనరు గారు కేబిన్‌లోంచి బయటికొచ్చి అడిగిన మొదటి మాట: "ఏం నొక్కావమ్మా?"

పద్నాలుగేళ్లుగా ఆయన లెక్కలు రాస్తున్నా. ఏం నొక్కానట!

నేనేం నొక్కలేదు. టాలీ తప్పూ లేదు. మూడు నెలల కిందట కంప్యూటర్లు కొన్నరోజే ఈ గోతి తవ్వారు. మాది విజయవాడ వన్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ హోల్‌సేల్. టాలీ గోల్డ్, మల్టీ యూజర్. బిల్లింగ్‌కి ఇద్దరు, స్టాకుకి ఒక అబ్బాయి, నేను. నలుగురం ఒకే కంపెనీలో ఎంట్రీలు వేస్తాం, డేటా ఉండేది మాత్రం ఒక్క సిస్టమ్‌లో. ప్రతి వోచరూ, అంటే ఒక్కో ఎంట్రీ, వెళ్లి ఆ ఒక్క డిస్కులోనే పడాలి. డబ్బు పెట్టాల్సింది దానికి! ఆయన పెట్టింది కేబిన్‌లో సీసీ కెమెరాలు చూసుకునే దానికి. వంపు మానిటరు, గ్రాఫిక్స్ కార్డు, లైట్లు వెలిగే కేబినెట్. వోచర్ ఎంట్రీకి గ్రాఫిక్స్ కార్డు ఎందుకండీ? మెయిన్ సిస్టమేమో "డేటా ఊరికే పడుండేదే కదా" అని పాతదే ఉంచేశారు. 4 జీబీ ర్యామ్, గిర్రున తిరిగే పాత హార్డ్‌డిస్కు. తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు, ఎస్‌ఎస్‌డీ, వేయించండి సార్ అంటే చూద్దాం అన్నారు. కరెంటు పోయినా సిస్టమ్ ఆగకుండా కాసే యూపీఎస్ ఉండేది, దాన్ని తీసుకెళ్లి కెమెరాలకి పెట్టుకున్నారు.

అమ్మినతను ఇంకో ఘనకార్యం చేశాడు. వైర్లు కనబడితే షాపు బాగోదని బిల్లింగ్ సిస్టమ్‌లు వైఫైకి కలిపి పోయాడు. వోచర్ సేవ్ అవుతుండగా సిగ్నల్ తెగితే ఆ ఫైల్ సగం రాసి ఆగిపోతుంది. డేటా పాడవడానికి ఇంకేం కావాలి? గోడ వెంట క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగి, సిస్టమ్‌లన్నిటినీ కలిపే ఒక గిగాబిట్ స్విచ్ పెట్టుంటే సరిపోయేది. గ్రాఫిక్స్ కార్డుకి పోసిన డబ్బుతో కేబులూ, స్విచ్చూ, ఎస్‌ఎస్‌డీ, ఇంకో యూపీఎస్ వచ్చేవి.

అన్నిటికంటే నాకు కాలింది కీబోర్డు దగ్గర. చిన్నగా, ముద్దుగా ఉన్నాయని వైర్‌లెస్ కీబోర్డులు తెచ్చారు. నంబర్ ప్యాడ్ లేదు! రోజుకి రెండొందల బిల్లులు కొట్టే చేతికి నంబర్ ప్యాడ్ లేదు! నేను కుడిచేత్తో చూడకుండా కొడతాను అంకెలు. ఇప్పుడు పై వరసలో వెతుక్కుంటూ కొట్టాలి. నెల తిరక్కుండా మణికట్టు వాచింది. చివరికి నా డబ్బుతో మామూలు వైరు కీబోర్డు కొనుక్కుని పెట్టుకున్నా. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కూడా తీసేయబోయారు, పాతదైపోయిందని. కొనేవాడికి, ట్రాన్స్‌పోర్టుకి, మనకి, మూడు కాపీలు కార్బన్ పేపర్ మీద ఒక్క దెబ్బకి వస్తాయని పోట్లాడి ఆపాను.

కొనేముందు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నన్ను పిలిచి "నీకేం కావాలమ్మా" అని అడిగితే పోయేదా? రోజుకి పది గంటలు దాని ముందు కూర్చునేది నేను. అడిగింది ఎవర్ని? వాళ్ల బావమరిది గారిని. ఆయన టాలీలో ఒక్క లెడ్జర్ తెరిచిన మనిషి కాదు.

అసలు నాకిది కొత్త కాదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు వేల ఐటమ్‌లకి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు, అంటే ఏ రకం సరుకో చెప్పే నంబర్లు, ఒక్కొక్కటీ చూసి ఎక్కించింది నేను. మా చిన్నదానికి అప్పుడు ఏడాదిన్నర. రాత్రి తొమ్మిదికి వెళ్తే నిద్రపోతుండేది, పొద్దున నేను బయల్దేరేటప్పటికీ లేచేది కాదు. అదంతా అయ్యాక దీపావళికి అందరి ముందూ శాలువా కప్పింది ఆడిటర్ గారికి. నాకు ఒక స్వీటు బాక్సు. ఆ రోజు ఏడ్చుకుంటూ ఇంటికెళ్లాను. ఇవాళ "ఏం నొక్కావు" అనగానే ఆ బాక్సే గుర్తొచ్చింది.

సాయంత్రం ఆరు నుంచి పర్చేజు బిల్లులు ముందేసుకుని, 17వ తారీకు పెన్‌డ్రైవ్ బ్యాకప్ మీద మళ్లీ కొట్టుకుంటూ వచ్చాను. ఆ బ్యాకప్ కూడా నేను నా అంతట తీసిపెట్టుకున్నదే. పదికి 3బి వేశాను. దాటితే రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ, దానికీ నన్నే అనేవారు.

వచ్చేముందు తెల్లకాగితం మీద రాసి ఆయన టేబుల్ మీద పెట్టాను: యూపీఎస్, ఎస్‌ఎస్‌డీ, కేబుల్, నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డులు మూడు. రేపు పొద్దున ఆ యూపీఎస్ కెమెరాల దగ్గర్నుంచి తిరిగి రాకపోతే మెయిన్ సిస్టమ్ స్విచ్ నేను వేయను.